మొక్కజొన్న పొత్తులో ప్రొటీన్: పాలగింజ నుంచి నల్లచార దాకా

నమస్తే అండీ. చీపురుపల్లి పక్కన ఓ మొక్కజొన్న చేలో ఉన్నాను. పోయిన వీడియో చూసి రణస్థలం నుంచి ఓ రైతు అడిగారు: "యూరియా ఇంకో దఫా ఏస్తే గింజలో ప్రొటీన్ పెరుగుతాదేటి బావూ?" అని. పెరుగుతాది. ఏ ప్రొటీన్ పెరుగుతాదన్నదే అసలు సంగతి.

ఈ పొత్తు చూడండి. పీచు వచ్చి 20 రోజులైంది. ఒక్కో పోగుకీ ఒక్కో గింజ. పోగుకి పుప్పొడి అందకపోతే అక్కడ పొత్తు బోసే. గోటితో గిచ్చుతున్నాను... పాలు. రోడ్డు పక్కన బొగ్గుల మీద కాల్చి, ఉప్పూకారం, నిమ్మచెక్క రాసి ఇచ్చేది ఈ వయసు పొత్తే.

పుప్పొడి పడ్డ మొదటి పది రోజులూ గింజ నిండా నీళ్ళే. అప్పుడుండే ప్రొటీన్లు ఎక్కువగా పనోళ్ళు: కొత్త కణాలు కట్టేవి, చక్కెరని పిండిగా మార్చేవి. వీటిలో లైసిన్ బాగానే ఉంటుంది. లైసిన్ అంటే మన ఒళ్ళు సొంతంగా తయారుచేసుకోలేని అమైనో ఆమ్లం, అంటే ప్రొటీన్ కట్టే ఇటుకల్లో ఒకటి, తిండిలోనే రావాలి.

10, 12 రోజులు దాటాక కొత్త సరుకు దిగుతుంది. పేరు జెయిన్. 1821లో జాన్ గోరమ్ అనే రసాయన శాస్త్రవేత్త పెట్టిన పేరు. నీళ్ళలో కరగదు, ఆల్కహాల్‌లో కరుగుతుంది. కణాల్లో సన్నటి ఉండలుగా పేరుకుంటుంది. ఇది పనోడు కాదు, గాదె. రేపు మొలక వచ్చినప్పుడు తినడానికి మొక్క దాచుకున్న నత్రజని. ఆ గాదెలో లైసిన్ దాదాపు సున్నా, అలాంటిదే ఇంకో అమైనో ఆమ్లం ట్రిప్టోఫాన్ కూడా అంతే. గింజ పాలు దాటి, పిండికట్టి, రెండు నెలలకి ముదిరిందనడానికి గుర్తుగా అడుగున నల్లచార పడేసరికి ప్రొటీన్‌లో సగం, అంతకు పైనే జెయిన్. లైసిన్ ఎక్కడికీ పోలేదండీ, పలచబడిపోయింది.

దీనికి మందు దొరికిందనుకున్నారు ఓసారి. 1964లో అమెరికాలో పర్డ్యూ యూనివర్సిటీ వాళ్ళు, మెర్ట్జ్, బేట్స్, నెల్సన్, ఒపేక్-2 అనే రకంలో లైసిన్ దాదాపు రెట్టింపు ఉందని చూపించారు. జెయిన్ తయారీకి స్విచ్ లాంటి జన్యువు అందులో చెడిపోయింది. బాగానే ఉంది గానీ, గింజకి ఆ గట్టిదనం ఇచ్చేదే జెయిన్! అది తగ్గేసరికి గింజ సుద్దముక్కలా మెత్తన, తూకం తక్కువ, పైగా పురుగు. ఏ రైతు వేస్తాడు? మెక్సికోలో సురీందర్ వాసల్, ఎవంజెలీనా విల్లెగాస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఏళ్ళతరబడి కూర్చుని, లైసిన్ పోకుండా గింజని మళ్ళీ గట్టిపరిచారు. 2000లో ఇద్దరికీ ప్రపంచ ఆహార బహుమతి వచ్చింది. మన దేశంలో హెచ్‌క్యూపీఎం-1 ఆ దారిలో వచ్చిన హైబ్రిడ్డే.

మన దగ్గరేటి? వ్యాపారి తేమ మీటరు పెడతాడు, 14 శాతం దాటిందా, ధరలో కోత కోస్తాడు. ప్రొటీన్ మాట ఎత్తడు. సరుకులో పెద్ద వాటా కోళ్ళ మేతకే. అక్కడ సోయాపిండి, లైసిన్ పొడి కలిపి లోటు పూడుస్తారు. కోడికి ఆ లెక్క ఎవరో ఒకరు చూస్తారు!

ఇప్పుడు బావూ, మీ యూరియా. మీరు అదనంగా ఇచ్చే నత్రజని గింజలో ఎక్కువగా ఆ జెయిన్ గాదెలోకే పోతుంది. దిగుబడి కోసమైతే మట్టిపరీక్ష చూసుకుని వేయండి. ఇంట్లో ప్రొటీన్ కోసమైతే, ఆ బస్తా డబ్బుతో లైసిన్ బాగా ఉండే కందులు కొనుక్కోండి.