హోవర్డ్ జట్టుకు 1971 కప్పు తిరిగి ఇవ్వాలి

అందరికీ నమస్కారం.

ఇక్కడ కూర్చున్న వాళ్లలో చాలామంది ఈ ఏడాదో, వచ్చే ఏడాదో పై చదువులకు అమెరికా వెళ్లాలని చూస్తున్నారు. అందుకే ఈ రోజు విదేశీ విద్యార్థులతో నిండిన ఒక యూనివర్సిటీ జట్టు గురించి మాట్లాడదామనుకున్నాను. వాషింగ్టన్‌లోని హోవర్డ్ యూనివర్సిటీ పురుషుల ఫుట్‌బాల్ జట్టు అది. మనం ఫుట్‌బాల్ అనే ఆటనే అక్కడ సాకర్ అంటారు.

హోవర్డ్ 1867లో పుట్టింది, అంతర్యుద్ధం ముగిసి బానిసత్వం రద్దయిన రెండేళ్లకే. మిగతా కాలేజీలు నల్లజాతి పిల్లలకు తలుపులు మూసేసిన కాలంలో వాళ్లకు డాక్టరు, లాయరు చదువులు చెప్పిన చోటు. అమెరికా సుప్రీంకోర్టు తొలి నల్లజాతి జడ్జి థర్‌గుడ్ మార్షల్ లా చదివింది అక్కడే. కమలా హారిస్ డిగ్రీ కూడా అక్కడిదే. కరీబియన్ దీవుల నుంచి, ఆఫ్రికా నుంచి కూడా విద్యార్థులు వచ్చేవాళ్లు. త్రినిదాద్ తొలి ప్రధాని ఎరిక్ విలియమ్స్ అంతకుముందు కొన్నేళ్లు హోవర్డ్‌లో పాఠాలు చెప్పారు. అంటే త్రినిదాద్ రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో చదువుకున్న ఒక కుర్రాడికి హోవర్డ్ పేరు కొత్త కాదు. ఆ పిల్లలు వస్తూ వస్తూ తమ ఆటను కూడా వెంట తెచ్చుకున్నారు. 1961లోనే హోవర్డ్ చిన్న కాలేజీల సంఘం ఎన్‌ఏఐఏ టైటిల్ గెలిచింది.

పెద్ద మలుపు లింకన్ ఫిలిప్స్‌తో వచ్చింది. ఆయన త్రినిదాద్ జాతీయ జట్టు గోల్‌కీపర్. 1967 పాన్ అమెరికన్ క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టులో ఆడారు. తర్వాత వాషింగ్టన్ డార్ట్స్ అనే ప్రొఫెషనల్ క్లబ్‌కు ఆడుతూనే కోచ్‌గా కూడా చేశారు. అమెరికాలో ఒక ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ జట్టుకు నల్లజాతి మనిషి కోచ్ కావడం అదే మొదలు. అలాంటి మనిషి హోవర్డ్ పగ్గాలు పట్టుకున్న కొద్దికాలానికే జట్టు దేశంలోని అగ్రశ్రేణికి చేరింది.

ఆ రోజుల్లో కాలేజీ ఫుట్‌బాల్ అంటే సెయింట్ లూయిస్ యూనివర్సిటీ. జాతీయ టోర్నమెంట్ మొదలైందే 1959లో. ఆ ఏడాది కప్పు వాళ్లదే, తర్వాత కూడా దాదాపు ఏడాది విడిచి ఏడాది వాళ్లదే. జట్టులో ఎక్కువమంది ఆ ఊరి చర్చి లీగుల్లో చిన్నప్పటి నుంచి ఆడిన పిల్లలు. వాళ్ల కోచ్ హ్యారీ కియో. 1950 ప్రపంచ కప్‌లో ఇంగ్లండ్‌ను 1-0తో ఓడించిన అమెరికా జట్టులో డిఫెండర్. ఉద్యోగం తపాలా శాఖలో. మన రహీం సాబ్ హైదరాబాద్‌లో స్కూలు మాస్టారుగా పనిచేస్తూ భారత జట్టును 1956 ఒలింపిక్స్ సెమీస్ దాకా తీసుకెళ్లారు కదా, కియో గురించి చదివినప్పుడల్లా నాకు ఆయనే గుర్తొస్తారు. సెయింట్ లూయిస్ గొప్ప జట్టు. ఆ మాట మనస్ఫూర్తిగా ఒప్పుకుంటేనే హోవర్డ్ చేసిన పని ఎంతటిదో అర్థమవుతుంది.

1971 డిసెంబర్ 30. మయామీలోని ఆరెంజ్ బౌల్ స్టేడియం. 1969, 1970 టైటిళ్లు గెలిచి మూడోదాని కోసం వచ్చిన సెయింట్ లూయిస్‌ను హోవర్డ్ 3-2తో ఓడించింది. కీత్ ఆక్వీ లాంటి త్రినిదాద్ ఆటగాళ్లు, ఆఫ్రికా నుంచి వచ్చిన ఆటగాళ్లు కలిసి సాధించిన గెలుపు అది. నల్లజాతి విద్యార్థుల కోసం ఏర్పడిన ఒక విద్యాసంస్థ, అమెరికా కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ అనే సంఘం అగ్రశ్రేణిలో జాతీయ టైటిల్ గెలవడం, ఏ ఆటలోనైనా సరే, అదే మొదటిసారి.

ఆ కప్పును ఎన్‌సీఏఏ వెనక్కి తీసుకుంది. విచారణ జరిపి, కొందరు ఆటగాళ్లకు అర్హత లేదని చెప్పి టైటిల్ రద్దు చేసింది. 1973 సీజన్‌లో టోర్నమెంట్ ఆడకుండా నిషేధం కూడా వేసింది. ఏ నిబంధనల కింద? ఇక్కడ కాస్త నిదానంగా చూద్దాం, ఎందుకంటే అన్యాయం ఎప్పుడూ వివరాల్లోనే దాక్కుంటుంది.

మొదటిది 1.600 నిబంధన. కాలేజీలో చేరబోయే విద్యార్థికి సగటున 1.6 జీపీఏ, అంటే నాలుగుకు 1.6 గ్రేడు, వస్తుందని ముందే అంచనా వేసి చూపించాలి. ఆ అంచనాకు హైస్కూల్ ర్యాంకు, అమెరికా కాలేజీల ప్రవేశానికి రాసే శాట్ లాంటి పరీక్ష స్కోరు కావాలి. పోర్ట్ ఆఫ్ స్పెయిన్ పిల్లవాడు రాసింది కేంబ్రిడ్జి బోర్డు పరీక్షలు. వాటిలో పాసై, యూనివర్సిటీలో సీటు తెచ్చుకుని, క్లాసుల్లో బాగానే చదువుతున్నా సరే, శాట్ రాయలేదు కాబట్టి ఆటకు పనికిరాడు. మార్కులు కళ్ల ముందే ఉన్నాయి, వాళ్లు చూసింది మాత్రం అంచనాను. మీరు ఇంటర్‌లో తెచ్చుకున్న మార్కులు పక్కన పెట్టి, మీ ఊళ్లో ఎవరూ రాయని పరీక్ష స్కోరు చూపించమంటే ఎలా ఉంటుంది?

రెండోది విదేశీ విద్యార్థుల నిబంధన. పంతొమ్మిదేళ్లు నిండాక సొంత దేశంలో ఏదైనా జట్టు తరఫున పోటీల్లో ఆడితే, ఆడిన ఒక్కో ఏడాదికి కాలేజీ ఆటలో ఒక్కో ఏడాది పోతుంది. ఘనా రాజధాని అక్రాలోనో, జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లోనో ఇరవై ఏళ్ల కుర్రాడు రెండేళ్లు క్లబ్‌కు ఆడుకుంటూ చదువుకు డబ్బు కూడబెట్టి హోవర్డ్‌కు వచ్చాడనుకోండి. వాడికి రెండు సీజన్లు గోవిందా. అదే రెండేళ్లు అమెరికాలోని అమెచ్యూర్ లీగులో ఆడిన అమెరికన్ కుర్రాడికి ఒక్క రోజు కూడా తగ్గదు. ఆట ఒకటే, వయసు ఒకటే. తేడా పాస్‌పోర్టు ఒక్కటే.

మూడోది ఐదేళ్ల నిబంధన. కాలేజీలో మొదట చేరిన నాటి నుంచి ఐదేళ్లలో ఆట ముగించాలి. ఇది స్వదేశీయులకైనా విదేశీయులకైనా ఒకటే, దాని మీద నాకు పేచీ లేదు.

హోవర్డ్ తలవంచలేదు, కోర్టుకెక్కింది. వియత్నాం యుద్ధం గురించిన రహస్య పత్రాల ప్రచురణపై నడిచిన పెంటగాన్ పేపర్ల కేసులో వాషింగ్టన్ పోస్ట్ పత్రిక పక్షాన తీర్పిచ్చిన గెర్హార్డ్ గెసెల్ అనే జడ్జి ముందుకే ఈ కేసు వచ్చింది. విదేశీ విద్యార్థుల నిబంధన సమానత్వ హక్కుకు విరుద్ధమని ఆయన 1973లో తేల్చారు. మిగతా రెండు నిబంధనలు మాత్రం చెల్లుతాయన్నారు. దాంతో శిక్ష అలాగే నిలిచిపోయింది. 1975లో పై కోర్టు కూడా అదే ఖరారు చేసింది. అప్పటిదాకా ఎవరూ గట్టిగా వేలెత్తి చూపని నిబంధనను ఒక నల్లజాతి యూనివర్సిటీ కొట్టేయించింది. ఆ తర్వాత వచ్చిన ప్రతి విదేశీ ఆటగాడూ ఆ ఫలం అనుభవించాడు. కొట్టేయించిన వాళ్లకు మాత్రం కప్పు దక్కలేదు.

ఇంకో సంగతి కూడా ఉంది. ఆ 1.600 నిబంధనను ఎన్‌సీఏఏ తనంతట తానే 1973లో ఎత్తేసింది.

నిషేధం ముగిసిన వెంటనే వచ్చిన సీజన్ 1974. నేను పదే పదే చదువుకునేది ఆ సీజన్ గురించే. పంతొమ్మిది మ్యాచ్‌లు, పంతొమ్మిది గెలుపులు, ఒక్క డ్రా కూడా లేదు. కొట్టిన గోల్స్ 63, ఇచ్చినవి 6. కెప్టెన్ త్రినిదాద్‌కు చెందిన ఇయాన్ బెయిన్. ఫైనల్లో ఎదురుగా మళ్లీ సెయింట్ లూయిసే, అదీ వాళ్ల సొంత ఊళ్లో, బుష్ స్టేడియంలో. వాళ్లు 1972, 1973 కప్పులు గెలిచి మళ్లీ మూడోదాని మీద గురిపెట్టారు. తొంభై నిమిషాలయ్యాక స్కోరు 1-1. ఓవర్‌టైమ్. మళ్లీ ఓవర్‌టైమ్. చూసే వాళ్లకే అంత టెన్షన్ అయితే, కాళ్లు బరువెక్కిన ఆటగాళ్ల సంగతేంటి? చివరికి నాలుగో ఓవర్‌టైమ్‌లో కెన్నెత్ ఇలోడిగ్వే అనే నైజీరియా ఆటగాడు గోల్ కొట్టాడు. హోవర్డ్ 2, సెయింట్ లూయిస్ 1.

1971 పోతే పోయింది, 1974 వచ్చింది కదా, లెక్క సరిపోయింది అనేవాళ్లున్నారు. ఆ మాట నాకు నచ్చదు. 1971లో ఆడి, 1974 నాటికి చదువు ముగించుకుని వెళ్లిపోయిన ఆటగాళ్లకు ఆ రెండో కప్పు ఏం చేస్తుంది? వాళ్లు గెలిచిన మ్యాచ్ వాళ్లదే.

తర్వాతి దశాబ్దాల గురించి క్లుప్తంగా చెప్తాను. 1988లో హోవర్డ్ మళ్లీ ఫైనల్‌కు వెళ్లి, బ్లూమింగ్టన్‌లో ఇండియానా యూనివర్సిటీ చేతిలో 1-0తో ఓడింది. ఆ జట్టు గోల్‌కీపర్ షాకా హిస్లాప్, హోవర్డ్‌లో మెకానికల్ ఇంజనీరింగ్ చదువుతున్న కుర్రాడు. చదువుకునే రోజుల్లో నాసాలో ఇంటర్న్‌షిప్ కూడా చేశాడు. ఆ తర్వాత ఇంగ్లండ్ వెళ్లి న్యూకాజిల్‌కు, వెస్ట్‌హామ్‌కు ఆడాడు. న్యూకాజిల్‌లో ఒక పెట్రోల్ బంకు దగ్గర కొందరు కుర్రాళ్లు రంగు పేరుతో ఆయన్ను తిట్టారు. అంతలో వాళ్లలో ఒకడు గుర్తుపట్టడంతో వాళ్లే ఆటోగ్రాఫ్ కోసం వచ్చారు. ఆ అనుభవం నుంచే బడి పిల్లల దగ్గరికి వెళ్లి జాతివివక్ష గురించి మాట్లాడే ఒక సంస్థ 1996లో మొదలవడానికి ఆయన చేయూతనిచ్చాడు. 2006లో త్రినిదాద్ తన తొలి ప్రపంచ కప్ మ్యాచ్‌లో స్వీడన్‌ను 0-0తో నిలువరించినప్పుడు గోల్ ముందు నిలబడింది ఆయనే. అసలు ఆడాల్సిన కీపర్ వార్మప్‌లో గాయపడితే అప్పటికప్పుడు దిగాడు.

నా వాదన సూటిగా చెప్తాను. హోవర్డ్‌ను పట్టుకున్న నిబంధనల్లో ఒకదాన్ని కోర్టు కొట్టేసింది, ఇంకోదాన్ని ఎన్‌సీఏఏ తానే తీసేసింది. 2023లోనైతే అగ్రశ్రేణి ఆటగాళ్ల అర్హతకు శాట్ స్కోరే అక్కర్లేదని అదే సంస్థ నిర్ణయించింది. రికార్డుల్లో మాత్రం 1971 దగ్గర నేటికీ టైటిల్ రద్దయిందనే ఉంటుంది. టైటిల్ తిరిగి ఇవ్వడానికి కొత్త చట్టం అక్కర్లేదు, ఆ సంస్థ ఒక తీర్మానం చేస్తే చాలు. ఆ ఆటగాళ్లలో బతికున్నవాళ్లు ఉండగానే అది జరగాలి.

అక్కడికి వెళ్లి యూనివర్సిటీ జట్లలో ఆడాలనుకునే వాళ్లకు ఒక మాట. మీ మార్కుల మెమోలు, ఇక్కడ ఏ జట్టుకు ఏ ఏడాది ఆడారో ఆ వివరాలు, అన్నీ ముందే ఎన్‌సీఏఏ అర్హతా కేంద్రానికి పంపించి రాతపూర్వకంగా ఒప్పుకోలు తెచ్చుకోండి. దాని మీద ప్రశ్నలుంటే ఇప్పుడు అడగండి, చెప్తాను.