ప్రతి కుట్టూ ఒక చిల్లే: తేలికపాటి టార్ప్ కుట్టుకోవడం గురించి

అందరికీ నమస్కారం.

ముందు ఈ బల్ల మీదున్న మూటను చేతిలోకి తీసుకుని చూడండి. ఇది టార్ప్, అంటే డేరాకు బదులు తాళ్లతో లాగి తల మీద కప్పులా కట్టుకునే వాన గుడ్డ. లీటరు నీళ్ల సీసా అంత ఉంటుంది. తూకం వేస్తే 450 గ్రాములు. విప్పి పరిస్తే అటు 3 మీటర్లు, ఇటు 3 మీటర్లు. దీని కింద ఇద్దరు సామానుతో సహా వానలో తడవకుండా పడుకోవచ్చు. ఇంట్లో బట్టలు కుట్టుకునే మామూలు మిషన్ మీదే దీన్ని కుట్టాను.

1955లో ఎమ్మా గేట్‌వుడ్ అనే 67 ఏళ్ల ఆవిడ అమెరికాలోని అప్పలేచియన్ ట్రైల్‌ను ఒంటరిగా నడిచి పూర్తి చేసింది. మూడు వేల కిలోమీటర్లకు పైగా కొండదారి. భుజాన తను కుట్టుకున్న డెనిమ్ సంచి, వానకు అడ్డంగా ఒక షవర్ కర్టెన్. డేరా లేదు. ఆవిడ గురించి తెలిసినప్పటి నుంచీ నా మనసులో ఒక మాట నాటుకుపోయింది: తల మీద కప్పు కావాలంటే ఒక గుడ్డ చాలు. కాకపోతే ఆ గుడ్డ గాలికి చిరగకూడదు, వానకు కారకూడదు. అందుకే టార్ప్ కుట్టేటప్పుడు నేను రెండే ప్రశ్నలు వేసుకుంటాను. నీళ్లు ఎటు పోతాయి? లాగుడు ఎటు పోతుంది?

బట్ట సంగతి. టార్ప్‌లకు ఎక్కువగా వాడేది సిలికాన్ పట్టించిన రిప్‌స్టాప్ నైలాన్. చదరపు మీటరుకు 45 గ్రాములకు అటూ ఇటూ తూగుతుంది. దగ్గరగా చూస్తే చిన్న చిన్న గళ్లు కనిపిస్తాయి. పడుగులోనూ పేకలోనూ కొంత దూరానికి ఒక లావు పోగు వేసి నేస్తారు. చిరుగు మొదలైనా ఆ పోగు దగ్గర ఆగే అవకాశం ఉంటుంది. నైలాన్ గట్టిదే గానీ నీళ్లు పీల్చి సాగుతుంది. నా మొదటి టార్ప్‌ను సాయంత్రం తబలా మీది చర్మంలా బిగించి కట్టాను. రాత్రి రెండింటికి వాన తగ్గేసరికి నడుమ దిగి నా ముఖానికి జానెడు దూరంలో వేలాడుతోంది. తాడు జారిందేమో అనుకున్నాను. ముడులన్నీ ఉన్నచోటే ఉన్నాయి, సాగింది బట్టే. పాలియెస్టర్ దాదాపు నీళ్లు పీల్చదు, అందుకే ఇప్పుడు నేను దాన్నే ఎంచుకుంటున్నాను. అదే బరువు నైలాన్ కంటే చిరుగుడుకు కాస్త తక్కువ తట్టుకుంటుంది. అయినా అర్ధరాత్రి లేచి తాళ్లు బిగించే పని తప్పుతుంది కాబట్టి నాకు అదే మేలు.

ఒక చిన్న లెక్క చెప్తాను, నాకు చాలా ఇష్టమైన లెక్క. 3 మీటర్ల దూరంలో ఉన్న రెండు మేకుల మధ్య గొలుసు వేలాడదీయండి. అది నడుమ 8 సెంటీమీటర్లు దిగాలంటే గొలుసు ఎంత పొడవు ఎక్కువ ఉండాలి? కేవలం 6 మిల్లీమీటర్లు. అంటే బిగించి కట్టిన నడికప్పు, టార్ప్ నడిమి పై గీత, 6 మిల్లీమీటర్లు సాగితే చాలు, 8 సెంటీమీటర్లు దిగిపోతుంది. ఆ రాత్రి జరిగింది ఇదే.

ఆ గొలుసు వంపే టార్ప్‌కు కావలసిన ఆకారం కూడా. 1691లో హైగెన్స్, లైబ్నిజ్, యోహాన్ బెర్నౌలీ అనే గణితవేత్తలు ఈ వంపుకు గణితంలో సరైన జవాబు చెప్పారు. మనకు గణితం అవసరం లేదు. టార్ప్ అంచును తిన్నగా కత్తిరించి రెండు మూలలూ లాగి కట్టారనుకోండి. లాగుడంతా మూల నుంచి మూలకు గీత గీసినట్టు పోతుంది. నడుమ అంచును పట్టి లాగేది ఏదీ ఉండదు. గాలి వస్తే ఆ వదులు గుడ్డే రాత్రంతా టపటపా కొట్టుకుంటుంది. ఆ అంచును లోపలికి గొలుసు వంపులో కత్తిరిస్తే వదులు పోతుంది, లాగుడు అంచంతా సమంగా పాకుతుంది. నేను 3 మీటర్ల అంచుకు నడుమ 8 సెంటీమీటర్ల వంపు ఉంచుతాను, నడికప్పుకు ఇంకాస్త తక్కువ. గీయడానికి గోడకు పొడవాటి కాగితం అంటించి, రెండు మేకులకు సన్నటి గొలుసు వేలాడదీసి, దాని వెంట పెన్సిల్‌తో చుక్కలు పెడతాను. అరగంట పని. ఒకసారి గీసుకున్న కాగితం ఎన్ని టార్ప్‌లకైనా పనికొస్తుంది.

ఈ బట్ట సాధారణంగా ఒకటిన్నర మీటర్ల పన్నాలో దొరుకుతుంది. అందుకే రెండు ముక్కలు కలిపి కుట్టాలి, ఆ అతుకే నడికప్పు అవుతుంది. కత్తిరించేటప్పుడు ఓపిక కావాలి. నూనె రాసినట్టు జారిపోయే బట్ట, నేల మీద పరిచి చుట్టూ బరువులు పెట్టుకోండి. గుండుసూదులు మాత్రం వద్దు. మామూలు బట్టలో గుండుసూది చేసిన రంధ్రం పూడుకుపోతుంది, ఇందులో అలాగే ఉండిపోతుంది. బట్టలు ఆరేసే క్లిప్పులు పెడితే సరిపోతుంది.

ఇక కుట్టు. సూది దిగిన ప్రతిచోటా వాన చొరబడేందుకు ఒక దారి తెరుచుకుంటుంది. ప్రతి కుట్టూ ఒక చిల్లే. మరీ దగ్గర దగ్గరగా కుడితే ఇంకా ప్రమాదం: తపాలా బిళ్లల షీటులా ఆ వరస వెంటే చిరుగుతుంది. కుట్టు పొడవు 3 మిల్లీమీటర్లు పెట్టండి. సూది 11 నంబరు, కొత్తది. దారం పాలియెస్టర్‌ది. నూలు దారం తడిసి తడిసి కుళ్లుతుంది. పల్చటి బట్ట కాబట్టి పైదారం టెన్షన్ మామూలు కంటే తగ్గించాలి, లేకపోతే ముడతలు పడుతుంది. ముందు ముక్క బట్ట మీద కుట్టి చూసుకోండి. కుట్టడం మొదలుపెట్టేటప్పుడు రెండు దారాల కొసలనూ వెనక నుంచి చేత్తో పట్టుకోండి. వదిలేస్తే మొదటి నాలుగు కుట్లలోనే మిషన్ బట్టను లోపలికి లాగేసుకుంటుంది.

నడికప్పు అతుకుకు జీన్స్ ప్యాంటు కాలికి వేసే మడత కుట్టు వేయాలి. ఒక ముక్క అంచు రెండోదాని కంటే సెంటీమీటరు బయటికి ఉండేలా పెట్టి కుట్టాలి. ఆ పొడుగు అంచును పొట్టి అంచు మీదుగా మడిచి, మొత్తం ఒక వైపుకు పడుకోబెట్టి మళ్లీ కుట్టాలి. ఇప్పుడు అక్కడ నాలుగు పొరలు ఉంటాయి, కత్తిరించిన అంచు ఎక్కడా బయటికి కనిపించదు. మడత నోరు కిందికి, అంటే నీళ్లు జారే దిక్కుకు ఉండాలి. పెంకుటిల్లు కప్పు గుర్తుచేసుకోండి. పై పెంకు కింది పెంకు మీదికి వస్తుంది గానీ, కిందది పైదాని మీదికి రాదు.

మూలలు అన్నిటికంటే ఎక్కువ లాగుడు తింటాయి. పైగా ఆ లాగుడు బట్టకు క్రాస్‌గా వస్తుంది. పడుగు వెంటా పేక వెంటా సాగని బట్ట క్రాస్‌లో బాగా సాగుతుంది. అందుకే ప్రతి మూలకూ అదే బట్ట మరో పొర వేయాలి. దాని లోపలి అంచును గుండ్రంగా కత్తిరిస్తాను. పదునైన కొస ఉంటే బరువంతా ఆ కొస దగ్గరే పడి అక్కడే చిరుగుతుంది. తాడు కట్టే నాడా రింగును ఆ పొరలన్నిటితో కలిపి, ముందుకూ వెనక్కూ మూడు నాలుగు సార్లు కుట్టండి. అంచుల మడత గురించి ఎక్కువ చెప్పను, రెండుసార్లు మడిచి కుడితే చాలు.

కుట్టాక చిల్లులు పూడ్చాలి. నా మొదటి టార్ప్‌కు ఇక్కడే దెబ్బ తిన్నాను. డేరా అతుకుల కోసమే చేసిన మంచి పాలియురేథేన్ జిగురు తెచ్చి, నడికప్పు పొడవునా శ్రద్ధగా పూశాను. మర్నాటికి ఆరింది, పారదర్శకంగా, అందంగా ఉంది. గోరుతో కొస లేపితే మూడు మీటర్లూ ఒకే రిబ్బన్‌లా ఊడి చేతికొచ్చింది. సిలికాన్ పూసిన బట్టకు సిలికాన్ తప్ప ఇంకేదీ అంటదు. తప్పు జిగురుది కాదు, నాకు తెలియకపోవడమే. ఇప్పుడు పారదర్శక సిలికాన్ సీలెంట్‌ను మినరల్ టర్పెంటైన్‌లో తేనె కంటే పల్చగా కలిపి, బ్రష్‌తో కుట్టు వరస మీద రుద్దుతాను. పూయడం వేరు, రుద్దడం వేరు. అది దారం పక్కనున్న రంధ్రంలోకి దిగాలి. ఈ పని ఆరుబయటే చేయండి, ఆ వాసన తల తిప్పుతుంది. రాత్రంతా ఆరనిచ్చి కొద్దిగా టాల్కం పౌడర్ చల్లితే మడతలు అంటుకోవు.

మాటలు చాలు. ఈ టార్ప్ నడికప్పులో ఒక సగానికే సిలికాన్ రుద్ది తెచ్చాను, రెండో సగం కుట్టు కుట్టులాగే ఉంది. మీలో నలుగురు వచ్చి తలా ఒక మూల పట్టుకోండి, గట్టిగా లాగండి, భయం లేదు. ఇంకెవరైనా ఆ బకెట్లో నీళ్లు మగ్గుతో ముంచి నడికప్పు మీద మెల్లగా పోయండి. మిగతావాళ్లు కిందికి వంగి చూడండి. మొదటి చుక్క ఏ వైపు దిగుతుందో, ఎన్నో కుట్టు దగ్గర దిగుతుందో నాకు చెప్పండి.