డెల్టా ఊళ్లో చర్చి ఎలా మొదలవుతుంది? బోదె దగ్గర నుంచి చూద్దాం

"దొరలు వచ్చారు, చర్చి కట్టారు, పేట పేటంతా అందులో కలిసింది." నరసాపురం వైపు ఏ పాత చర్చి గురించి అడిగినా ఇదే కథ చెబుతారు. విన్న ప్రతిసారీ నాకు ఒళ్లు మండుతుంది. అందుకే ఈ వీడియో.

(తెర మీద: ధవళేశ్వరం, కాలువల పటం)

ఆనకట్ట నిండుగా ఉన్నంత మాత్రాన మీ చేను తడుస్తుందా? పెద్ద కాలువ, లాకులు, పిల్ల కాలువ, చివరికి చేను దాకా వెళ్లే సన్నటి బోదె. ఆ బోదెకు కూడా ఎవరో పార పట్టుకుని గండి కొడితేనే మడిలోకి నీళ్లు. సువార్త సంగతీ అంతే.

నిజానికి ఈ పోలిక నేను కల్పించింది కాదు, చరిత్రలోనే ఉంది. విలియం బౌడెన్, జార్జ్ బీర్ అనే మిషనరీలు 1836లో ఇంగ్లండ్ నుంచి బయలుదేరి వచ్చి నరసాపురం, పాలకొల్లు ప్రాంతంలో స్థిరపడ్డారు. వాళ్లకు నెలనెలా జీతం పంపే మిషనరీ సంస్థ ఏదీ లేదు. 1847లో కాటన్ ఆనకట్ట పని మొదలుపెట్టగానే వేలమంది కూలీలు ధవళేశ్వరం చేరారు. ఊరి బావి దగ్గరికి కూడా రానివ్వని కులాలవారు వారిలో ఎందరో! బౌడెన్ వాళ్ల మధ్యకు వెళ్లి బోధించాడు. 1852లో పని ముగిసింది. కూలీలు ఇళ్లకు మళ్లారు, విన్న మాటా వాళ్లతోనే వెళ్లింది. ఆ తర్వాత గండి కొట్టింది దొరలు కాదు, మేనత్తలూ వియ్యంకులూ.

ఇప్పుడూ ఇంతే. ఒక ఇంట్లో జబ్బు చేస్తుంది, పక్క ఊరి చుట్టం వచ్చి ప్రార్థిస్తుంది. వచ్చే వారం అదే అరుగు మీద నలుగురు కూర్చుంటారు. రోజూ అన్నం వండేటప్పుడు గుప్పెడు బియ్యం పక్కన పెట్టి కానుకగా తెస్తారు. పురుషోత్తమ చౌదరి (1803–1890) కర్ణాటక రాగాల్లో కట్టిన కీర్తనలు చదువు రాని అవ్వలకు కూడా నోటికి వస్తాయి. సంఘం అప్పటికే పుట్టేసింది, గోడలు మాత్రం లేవు.

మరి తాటిచెట్టుకు నాలుగు మైకులు కట్టి అర్ధరాత్రి దాకా అరిచేవారో? ఆనకట్ట గేట్లన్నీ ఒకేసారి ఎత్తినట్లు! నీళ్లు నేరుగా సముద్రంలోకి పోతాయి, చేనుకు చుక్క అందదు. పైగా పక్కింటి పరీక్షల పిల్లవాడి శాపం.

ఇంకొకటి, మురుగు కాలువ. అది లేకపోతే ఎంత మంచి చేనైనా కుళ్లుతుంది. కానుకల లెక్క అందరి ముందూ చదవని సంఘం మురుగు కాలువ లేని చేను లాంటిదే.

సమయం అయిపోతోంది, మిగతాది గబగబా చెబుతాను. బాప్తిస్మం కాలువలోనో గోదావరిలోనో ఇస్తారు. సొసైటీగా నమోదు చేయించాలంటే కనీసం 7గురు సభ్యులు కావాలి. పంచాయతీ అనుమతి తీసుకోవాలి. రేకుల షెడ్డు, స్లాబు ఆఖరున. స్థలం మాత్రం సంఘం పేరునే రాయించండి. పాస్టరు గారి పేరున రాయించి, ఆయన తర్వాత ఆయన కొడుకులతో కోర్టు చుట్టూ తిరుగుతున్న ఒక సంఘం నాకు తెలుసు. ఆ కథకు ఒక వీడియో చాలదు.