టకోమా హార్బర్: ఏరు పక్కకు జరిగితే కింది నేల ఎవరిది?

యాంకర్: నమస్కారం. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, సియాటిల్‌కి దక్షిణంగా టకోమాలో పెద్ద కంటైనర్ పోర్టు ఉంది. అందులో చాలా భాగం పుయాలప్ అనే ఆదివాసీ తెగ రిజర్వేషన్ హద్దుల్లోకే వస్తుంది. రిజర్వేషన్ అంటే ఉద్యోగాల కోటా కాదండీ, వాళ్లకు ఒప్పందం ప్రకారం మిగిల్చిన నేల. దీని గురించి మాట్లాడటానికి న్యాయవాది ఒకరు, రిటైరైన పోర్టు ఇంజినీర్ ఒకరు, మత్స్య శాస్త్రవేత్త ఒకరు వచ్చారు. మేడమ్, పోర్టుకూ తెగకూ పొత్తు ఎలా కుదిరింది?

న్యాయవాది: కుదరలేదండీ, కోర్టు కుదిర్చింది. 1854 డిసెంబరులో మెడిసిన్ క్రీక్ దగ్గర అమెరికా ప్రభుత్వంతో ఒప్పందం జరిగింది. పుయాలప్ వాళ్లు, చుట్టుపక్కల తెగలు భూమి వదులుకున్నారు కానీ ఎప్పుడూ పట్టుకునే చోట్ల చేపలు పట్టే హక్కు మాత్రం అట్టిపెట్టుకున్నారు. తర్వాత రిజర్వేషన్ భూమి కూడా ముక్కముక్కలుగా చేతులు మారింది. 1918లో పోర్టు వచ్చింది. పుయాలప్ నదిని తిన్నగా చేశారు. 1950 ప్రాంతంలో నదిని కొత్త దారికి మళ్లిస్తే పాత పాయ కింద పన్నెండెకరాలు బయటపడ్డాయి. పోర్టు దాన్ని పూడ్చి వాడుకుంది.

యాంకర్: మన గోదావరి లంకల తగాదాలా ఉందే.

న్యాయవాది: అచ్చం అలాంటిదే. తేలిన లంక రైతుదా, సర్కారుదా అని మన దగ్గర తరాలుగా కొట్టుకుంటారు కదా. పుయాలప్ వాళ్లు అడిగింది ఒక్కటే. నది అడుగు నేల మాదైతే, నదిని మీరు పక్కకు తోసినంత మాత్రాన అది మీదైపోతుందా అని. 1983లో ఫెడరల్, అంటే కేంద్ర స్థాయి, అప్పీలు కోర్టు వాళ్ల పక్షాన తీర్పిచ్చింది. పన్నెండెకరాలే కదా అనిపిస్తుంది. కానీ ఆ లెక్కన చుట్టుపక్కల స్థలాల టైటిళ్ల మీద, అంటే యాజమాన్య హక్కు మీద కూడా అనుమానం పడింది.

ఇంజినీర్: పోర్టువాళ్ల టెన్షన్ అంతా అక్కడే. టైటిల్ క్లియర్‌గా లేని నేల మీద ఎవడు పెట్టుబడి పెడతాడు? టెర్మినల్ కట్టాలంటే ముప్పై నలభై ఏళ్ల లెక్క చూసుకుంటారు. అందుకే కూర్చుని మాట్లాడుకున్నారు. ఆ సెటిల్‌మెంట్ 1990లో అమల్లోకి వచ్చింది, మొత్తం 16.2 కోట్ల డాలర్లు. తెగకు డబ్బు, భూములు, చేపల పెంపకానికి నిధులు. పోర్టుకు టైటిల్. పోర్టులోకి ఓడలు వచ్చే బ్లెయిర్ జలమార్గానికి అడ్డంగా ఉన్న పాత బ్రిడ్జి సంగతి కూడా అందులోనే తేలింది. ఆ బ్రిడ్జి పోయాకే పెద్ద ఓడలకు దారి సాఫీ అయింది. అంటే పోర్టు దానం చేసిందేమీ లేదు, బేరం చేసుకుంది.

మత్స్య శాస్త్రవేత్త: అసలు కథ చేపల దగ్గర మొదలైంది సర్, మీరు నేల దగ్గరే ఆగిపోయారు.

ఇంజినీర్: చెప్పండి, చెప్పండి. (నవ్వు)

మత్స్య శాస్త్రవేత్త: ఒప్పందం ఉన్నా వాళ్ల నది మీద వాళ్లే వల వేస్తే అరెస్టు చేసేవారు. 1970 సెప్టెంబరులో పుయాలప్ ఒడ్డున చేపలు పట్టేవాళ్ల క్యాంపు మీదికి పోలీసులు టియర్ గ్యాస్‌తో వెళ్లారు. ఆ గ్యాస్ దెబ్బ తిన్నవాళ్లలో ఫెడరల్ ప్రాసిక్యూటర్, అంటే కేంద్ర ప్రభుత్వ లాయరు కూడా ఉన్నాడు. తర్వాత తెగల తరఫున రాష్ట్రం మీద కేసు వేసింది ఆయన ఆఫీసే. 1974లో జడ్జి బోల్ట్ తీర్పిచ్చాడు: పట్టదగ్గ సాల్మన్ చేపల్లో సగం తెగలది. 1979లో సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. ఇప్పుడు ఏ చేపను ఎప్పుడు, ఎంత పట్టాలో రాష్ట్రమూ తెగలూ ఏటా కలిసి కూర్చుని తేల్చుకుంటాయి.

యాంకర్: రోజువారీ పనిలో అది పోర్టుకు ఎలా తగులుతుంది?

మత్స్య శాస్త్రవేత్త: వసంతంలో వేలెడంత సాల్మన్ పిల్లలు నది నుంచి దిగి, ఒడ్డు వెంబడే సముద్రంలోకి పోతాయి. ఆ నెలల్లో నీళ్లలో డ్రెడ్జింగ్, అంటే అడుగు మట్టి తవ్వడం, పైల్స్, అంటే పునాది స్తంభాలు దిగ్గొట్టడం ఆపేయాలి.

ఇంజినీర్: పని చేసే నెలల్లో కూడా అంత తేలిక కాదు. స్టీలు పైల్ మీద సుత్తి పడితే ఆ చప్పుడుకే చేప చచ్చిపోవచ్చు. అందుకని పైల్ చుట్టూ అడుగున చిల్లుల పైపు వేసి కంప్రెసర్‌తో గాలి వదులుతారు. బుడగలు తెరలా లేస్తాయి, చప్పుడు చాలావరకు అందులోనే తగ్గిపోతుంది. మొదటిసారి చూసినవాళ్లకు నీళ్లు మరుగుతున్నాయేమో అనిపిస్తుంది. ఖర్చు, ఆలస్యం రెండూ ఉంటాయి. నేనైతే మొదట్లో విసుక్కునేవాణ్ణి, దాచడం ఎందుకు.

యాంకర్: గంగవరం పోర్టుకు దిబ్బపాలెం జాలర్లు ఊరే ఖాళీ చేశారు. వాళ్లకు ఇలాంటి బేరం ఎందుకు కుదరలేదు?

న్యాయవాది: కాగితం లేదు. తరాలుగా ఆ తీరం మీదే బతికినా, చూపించడానికి చేతిలో ఒప్పందం లేదు. ఇక్కడ పరిహారం అడుగుతారు, అక్కడ హక్కు అడిగారు. పరిహారం ఒకసారి ఇచ్చేస్తే ఫైలు మూసేస్తారు.

యాంకర్: అయితే టకోమాలో ఇప్పుడంతా బాగానే ఉందా?

న్యాయవాది: ఎక్కడండీ. పోర్టు నేల మీద ఎల్‌ఎన్‌జీ (ద్రవరూప సహజ వాయువు) ప్లాంటు వద్దని తెగ ఏళ్ల తరబడి పోరాడింది. పర్మిట్ మీద అప్పీలుకు వెళ్లింది. అయినా 2022లో ప్లాంటు మొదలైంది.

ఇంజినీర్: ప్రతిదానికీ వీటో, అంటే అడ్డుకునే అధికారం ఇస్తే పోర్టు నడవదు మేడమ్.

న్యాయవాది: వీటో సంగతి తర్వాత. 2015లో సియాటిల్, టకోమా పోర్టులు కలిసి ఒక కూటమి పెట్టుకున్నాయి. కార్గో వ్యాపారం చాలావరకు దాని చేతిలోనే. ఆ కూటమిలో పుయాలప్ తెగకు సభ్యత్వం ఉందా సర్?

ఇంజినీర్: (కాసేపాగి) లేదు. రెండు పోర్టుల కమిషనర్లే.

యాంకర్: చిన్న విరామం. వచ్చాక ఇదే ప్రశ్న దగ్గర మొదలుపెడదాం.