మొబిలిటీ స్కూటర్ కొనేముందు గుమ్మం కొలవండి

శ్రోతలకు నమస్కారం.

మోకాళ్లు అరిగిపోయి, నాలుగడుగులకే ఆయాసం వచ్చి, బజారుకి వెళ్లడమే మానుకున్న పెద్దవాళ్లు విజయవాడలోనూ గుంటూరులోనూ చాలామంది ఉన్నారు. కూర్చుని నడుపుకునే ఎలక్ట్రిక్ మొబిలిటీ స్కూటర్ ఇలాంటివారి కోసమే. దీనికి ముందు హ్యాండిల్, మధ్యలో కుర్చీలాంటి సీటు, సీటు కింద బ్యాటరీ, వెనక మోటారు ఉంటాయి. చిన్న బండి గంటకి 6 నుంచి 8 కిలోమీటర్ల వేగంతో పోతుంది. కొనేవాళ్లు ముందు ధర, ఆ తర్వాత మైలేజీ అడుగుతారు. అంతకంటే ముందు చూడాల్సింది నడిపే మనిషినీ, ఆ మనిషి ఉండే ఇంటినీ.

ఇది నడపాలంటే సాధారణంగా రెండు చేతులూ పనిచేయాలి, నడుం నిలవాలి, మెడ తిప్పి వెనక్కి చూడగలగాలి. పక్షవాతం వచ్చి ఒక చెయ్యి స్వాధీనంలో లేనివారికి ఇది కష్టం. వాళ్లకి జాయ్‌స్టిక్, అంటే ఒక్క చేత్తో తిప్పే చిన్న పుల్ల ఉన్న ఎలక్ట్రిక్ వీల్‌చైర్ మేలు. ఇంకో సంగతి. హ్యాండిల్ మీది లివరు నొక్కితే బండి కదులుతుంది, వదిలేస్తే ఆగుతుంది. మోటార్‌సైకిల్ అలవాటున్నవారు కంగారులో అదే బ్రేకు అనుకుని ఇంకా గట్టిగా నొక్కేస్తారు. అందుకే మొదటి వారం రోజులు వేగం బాగా తగ్గించి పెట్టి, ఖాళీ స్థలంలో లివరు వదలడం ఒక్కటే సాధన చేయించండి.

ఇక ఇల్లు. టేపు తీసుకుని వీధి గుమ్మం, లిఫ్టు తలుపు, లిఫ్టు లోపలి పొడవు కొలవండి. చిన్న స్కూటర్ల వెడల్పు దాదాపు 50 సెంటీమీటర్లు ఉంటుంది, పెద్దవి 65 దాటతాయి. పొడవు చాలావాటికి మీటరు పైనే. గుమ్మం దగ్గర మెట్టుంటే ర్యాంపు కావాలి. దాని లెక్క చాలా సులువు: అంగుళం ఎత్తుకి అడుగు పొడవు. ఆరంగుళాల మెట్టుకి ఆరడుగులు. గుంటూరు బ్రాడీపేట సందుల్లోలాగా ఇల్లు రోడ్డు అంచునే ఉండి మూడు మెట్లుంటే, 18 అడుగుల ర్యాంపుకి చోటెక్కడిది? చోటు లేదని మేస్త్రీ చేత నిటారుగా కట్టించారంటే బండి వెనక్కి ఒరుగుతుంది. అలాంటిచోట బండి కిందనే పెట్టుకుని, మెట్లకి గట్టి పట్టుగొట్టం వేయించుకోవడమే క్షేమం. అపార్ట్‌మెంటులో అయితే సెల్లార్‌లో మీ బండి నిలిపే చోటికి ఛార్జింగ్ ప్లగ్గు అందుతుందో లేదో ముందే చూసుకోండి.

మూడు చక్రాలదా, నాలుగు చక్రాలదా? మూడు చక్రాలది తక్కువ చోటులో తిరుగుతుంది, కాళ్లు పెట్టుకోవడానికి ముందు ఎక్కువ జాగా ఉంటుంది. కానీ మన రోడ్లు పక్కనున్న మురుగు కాలవ వైపు వాలుగా ఉంటాయి. ఆ వాలు మీద వేగంగా మలుపు తిప్పితే అది పక్కకి పడే ప్రమాదం ఎక్కువ. కాబట్టి ఇంట్లో, ఆసుపత్రి వరండాల్లో, షాపింగ్ మాల్లో తిరగడానికి మూడు చక్రాలది చాలు. వీధిలోకి వెళ్లేవారికి మాత్రం నాలుగు చక్రాలదే మా సలహా. బండి అడుగుభాగం నేలకి ఎంత ఎత్తులో ఉందో కూడా అడగండి. విడదీసి కారులో పెట్టుకునే చిన్న బండ్లలో అది రెండు మూడంగుళాలే. స్పీడ్ బ్రేకర్ మీదా, పైకి లేచిన డ్రైనేజీ మూత మీదా కడుపు తగిలి ఆగిపోతాయి. విడదీసే బండిలో ఒక్కో భాగం కూడా బరువే. అన్నిటికంటే బరువైన భాగం కొన్నిటిలో 15 కిలోల దాకా ఉంటుంది. దాన్ని డిక్కీలోకి ఎత్తేదెవరో కూడా ఆలోచించుకోవాలి.

బ్యాటరీ దగ్గర కొంచెం నిదానించాలి. సాధారణంగా 12 వోల్టులవి రెండు కలిపి 24 వోల్టులు. 12 ఆంపియర్ అవర్ (బ్యాటరీ ఎంత ఛార్జ్ దాచుకోగలదో చెప్పే కొలత) బ్యాటరీతో 15 కిలోమీటర్లు వస్తుందని చెబితే, మీరు సగమే లెక్కలో వేసుకోండి. ఆ అంకె కొత్త బ్యాటరీతో, తక్కువ బరువున్న మనిషితో, చదునైన రోడ్డు మీద వచ్చేది. మామూలుగా వచ్చే లెడ్ యాసిడ్ బ్యాటరీకి మన ఎండలే పెద్ద శత్రువు. 25 డిగ్రీలు దాటాక ప్రతి పది డిగ్రీలకీ దాని ఆయుష్షు దాదాపు సగమవుతుంది. మే నెలలో మధ్యాహ్నం బండిని ఎండలో వదలకండి. తిరిగొచ్చాక అరగంట చల్లారనిచ్చి, రాత్రంతా ఛార్జింగ్ పెట్టండి. వాడకపోయినా పదిహేను రోజులకోసారి ఛార్జ్ చేయాలి. ఖాళీగా వదిలేస్తే లోపలి పలకల మీద సల్ఫేటు గట్టిపడి ఇక ఛార్జ్ నిలవదు. లిథియం బ్యాటరీ ఖరీదు ఎక్కువైనా బరువు బాగా తక్కువ, మన్నిక ఎక్కువ. ఒకదాని ఛార్జరు రెండోదానికి ఎప్పుడూ పెట్టకండి.

ఇంట్లో అందరికీ చెప్పాల్సిన మాట మరొకటుంది. బండిని చేత్తో నెట్టుకోవడానికి వెనక ఒక చిన్న లివరు ఉంటుంది. అది తిప్పి చక్రాలకీ మోటారుకీ లంకె తీసేస్తే, దానితోపాటు బ్రేకు కూడా పోతుంది. ర్యాంపు మీద మనిషి కూర్చుని ఉండగా దాన్ని ముట్టుకోకూడదు. నిలిచిన నీళ్లలోకీ వెళ్లకండి. చక్రం ఇరుసు మునిగితే మోటారులోకి నీరు చేరుతుంది.

కొనేరోజు నడిపే మనిషినే దుకాణానికి తీసుకెళ్లండి. వాళ్ల బరువుకి సంచి బరువు కూడా కలిపి, బండి మోయగల బరువు దానికంటే కనీసం 15 కిలోలు ఎక్కువ ఉండేలా చూడండి. వాళ్లంతట వాళ్లే ఎక్కి, దిగి, వెనక్కి నడిపి చూపించాలి. బ్యాటరీ వారంటీ విడిగా రాయించుకోండి. చెడిపోతే మెకానిక్ ఇంటికొస్తాడా, కంట్రోలర్ (మోటారుకి కరెంటు వెళ్లడాన్ని నడిపించే పెట్టె), ఛార్జరు ఎక్కడ దొరుకుతాయి అని అడగండి. దానికి విజయవాడలోనో గుంటూరులోనో ఒక చిరునామా చెప్పగలిగిన దుకాణంలోనే కొనండి.