తామర, కలువ: ఒకే చెరువు, రెండు వంశాలు

ఈ బల్ల మీది రెండు ఆకులూ చెరువు మొక్కలవే. ఎక్కడా చీలిక లేకుండా, నడిమధ్యన కాడతో గొడుగులా ఉన్నది తామర. కాడ దాకా చీలిక, అంచంతా రంపపు పళ్ళు, అడుగున మెత్తటి నూగు ఉన్నది తెల్లకలువ. దగ్గరకొచ్చి రెంటి మీదా చెంచాడు నీళ్ళు పోయండి. తామరాకు మీద నిలవవు. మైనం కప్పిన సన్నటి బొడిపెల కొసల మీదే చుక్క ఆనుతుంది, కింద గాలి ఉంటుంది. కలువాకు మీద అంత సులువుగా జారవు.

మొక్కలకు శాస్త్రీయ పేర్లు పెట్టిన స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో ఈ రెంటినీ నింఫియా అనే ఒకే ప్రజాతిలో, అంటే దగ్గరి చుట్టాలైన జాతుల గుంపులో, పెట్టాడు. ఆయన్ని తప్పు పట్టలేం. నీళ్ళలో బతకాలంటే కాడల్లో గాలి గొట్టాలు, వెడల్పాటి ఆకులు ఎవరికైనా అక్కరకొస్తాయి. పోలిక అక్కణ్ణుంచి వచ్చిందే, చుట్టరికం వల్ల కాదు. డీఎన్‌ఏ చూశాక లెక్క మారింది. కలువ వంశం పూలమొక్కల్లో దాదాపు మొదట్లోనే చీలిపోయింది. ఆ తర్వాతే వరి దారి, మామిడి దారి వేరయ్యాయి. తామర మామిడి దారిది. అంటే తామరకు కలువ కన్నా వరే దగ్గర! ఇంకా దగ్గరి చుట్టం, అరకు కాఫీ తోటల్లో నీడకు పెంచే సిల్వర్ ఓక్. చూస్తే నమ్మబుద్ధి కాదు గానీ, సూక్ష్మదర్శినిలో తామర పుప్పొడి రేణువుకు మూడు సన్నటి చాళ్ళు కనిపిస్తాయి, మామిడికీ అంతే. కలువకు అవి లేవు.

ఇక గింజలు. పెంచేవాళ్ళు పొరబడేది ఇక్కడే. తామర గింజ పెంకు నీటిని లోపలికి రానివ్వదు. చైనాలో ఎండిపోయిన చెరువు అడుగున దొరికిన దాదాపు 1300 ఏళ్ళ నాటి గింజ కూడా మొలిచింది. కొన ఉన్న వైపు వదిలేసి, చిన్న గుంట ఉన్న వైపు ఉప్పుకాగితం మీద రుద్దండి. మీగడరంగు చుక్క కనబడగానే ఆపాలి. ఇంకా రుద్దితే పప్పు కుళ్ళి నీళ్ళు కంపు కొడతాయి. 25–30 డిగ్రీల నీళ్ళలో వేసి, రోజూ నీళ్ళు మార్చండి. ఒకటి రెండు రోజుల్లో గింజ ఉబ్బకపోతే పెంకు తెగలేదన్నమాట, మళ్ళీ రుద్దాలి. ఉబ్బితే వారం అటూ ఇటుగా మొలక వస్తుంది. కలువ గింజకు ఈ తంటా లేదు. ఆవగింజంత ఉంటుంది, కాయ నీటి అడుగునే పండి పగులుతుంది.

నానిన తామర గింజను నిలువునా చీల్చండి. రెండు పప్పు బద్దలు, నడుమ పచ్చటి చేదు మొలక. శనగలాగే తిండంతా బద్దల్లోనే దాచుకుంది. కలువ గింజలో పిండం చాలా చిన్నది, తిండి దాని బయట, తల్లి కణజాలం నుంచి వచ్చిన పిండిగా ఉంటుంది. బజార్లో కొందరు తామర గింజలని అమ్మే మఖానాను చిదిపి చూడండి, తెల్లటి పిండే తప్ప బద్దలు దొరకవు. అది బీహార్ చెరువుల్లో పండే, కలువ కుటుంబానికే చెందిన ముళ్ళ మొక్క గింజ.