మిషిగన్‌లో కారు, శ్రీకాకుళంలో మెకానిక్

నమస్కారం అండీ. ఇక్కడ టైము పొద్దున్న ఆరున్నర. శ్రీకాకుళంలో మా అమ్మవాళ్ళ డాబా మీద నిలబడి మాట్లాడుతున్నాను. అదిగో, కొబ్బరిచెట్ల సందులోంచి తెల్లగా కనిపిస్తోందే, అది నాగావళి మీద మంచు. నీళ్ళు కనబడాలంటే ఇంకో అరగంట ఆగాలి.

అమ్మ కంటి శుక్లాల ఆపరేషన్ కోసం మూడు వారాలు సెలవు పెట్టి వచ్చానని కిందటి వీడియోలో చెప్పాను కదా. ఆపరేషన్ బాగా అయింది. నిన్న అరుగు మీద కూర్చుని, వెళ్తున్న బస్సు బోర్డు తనే చదివి వినిపించింది, ‘ఆమదాలవలస’ అని. చుక్కల మందు రోజుకి నాలుగుసార్లు నేనే వేస్తున్నాను. అడిగినవాళ్ళందరికీ చాలా థాంక్స్ అండీ.

ఈ రోజు వీడియో మాత్రం కారు గురించి. కారు ఇక్కడ లేదు, మిషిగన్‌లో మా గ్యారేజీలో ఉంది. దాని జబ్బు దొరికింది మాత్రం ఇక్కడ, ఈ డాబా మీదే.

మా దగ్గర 1984 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కట్లాస్ సుప్రీమ్ ఉందని పాత వీడియోల్లో చూసే ఉంటారు. ఐదు లీటర్ల వి8 ఇంజిన్. మా వీధిలో ఉండే పెద్దాయన ఇక డ్రైవింగ్ మానేసి మాకు అమ్మారు. మా అబ్బాయికి పదహారేళ్ళు. దాన్ని చేతులతో తుడిచి తుడిచి సొంతం చేసుకున్నాడు. నేను ఇక్కడికి బయలుదేరే నెల ముందు నుంచీ దానికి ఆరోగ్యం బాగోలేదు. ఐడ్లింగ్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఉంచినప్పుడు, ఇంజిన్ ఊగుతోంది. ట్యాంకు ఇట్టే ఖాళీ అవుతోంది. గ్యారేజీ అంతా పెట్రోలు వాసన. డ్యాష్‌బోర్డులో ‘చెక్ ఇంజిన్’ లైటు ఆరడం లేదు.

ఒక షాపులో చూపించాం. పెట్రోలునీ గాలినీ కలిపి ఇంజిన్‌కి పంపేది కార్బురేటర్. వాళ్ళు దాని అడుగున ఉండే రెండు మిక్చర్ స్క్రూలు తిప్పారు. ఆ స్క్రూలు ఎవరూ ముట్టుకోకూడదనే ఫ్యాక్టరీలోనే ఉక్కు బిళ్ళలతో మూసేస్తారు. ఆ బిళ్ళలు ఊడదీసి మరీ తిప్పారు. అయినా తగ్గలేదు. ‘ఈ కంప్యూటర్ కార్బురేటర్ పీకేసి మామూలుది పెట్టించుకోండి’ అన్నారు. నాకు మనసొప్పలేదు. నలభై ఏళ్ళు సరిగ్గా పనిచేసిన వస్తువు ఉన్నట్టుండి ఎందుకు మొరాయించిందో తెలుసుకోకుండా పీకేయడం ఏంటి అనిపించింది.

ఇక్కడికి వచ్చాక మా మావయ్యకి చెప్పాను. అమ్మకి తమ్ముడు. పాలకొండ రోడ్డులో ముప్పై ఏళ్ళు షెడ్డు నడిపాడు. అంబాసిడర్లు, ప్రీమియర్ పద్మినులు, జీపులు ఆయన చేతి మీదుగా ఎన్ని వెళ్ళాయో లెక్కలేదు. ఇంజిన్ శబ్దం వింటూ కార్బురేటర్ ట్యూన్ చేస్తాడు. కానీ కంప్యూటర్ ఉన్న కార్బురేటర్ ఆయన ఎప్పుడూ చూడలేదు. మన దగ్గర కార్లు ఆ మెట్టు ఎక్కకుండానే ముందుకెళ్ళిపోయాయి. మారుతి 800 కూడా మామూలు కార్బురేటర్ నుంచి 2000 ప్రాంతంలో నేరుగా ఎంపీఎఫ్‌ఐకి, అంటే కార్బురేటర్ లేకుండా ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మే పద్ధతికి మారిపోయింది. అమెరికాలో మాత్రం మధ్యలో ఒక పదేళ్ళు ఈ రకం నడిచింది.

ఎందుకు నడిచిందో చెప్తాను, ఇది తెలియకపోతే మిగతాది అర్థం కాదు. అక్కడ 1970లో వచ్చిన క్లీన్ ఎయిర్ చట్టం తర్వాత పొగ మీద నిబంధనలు బిగుస్తూ వచ్చాయి. సైలెన్సర్ దారిలో పెట్టే క్యాటలిటిక్ కన్వర్టర్ మూడు రకాల విషవాయువుల్నీ ఒకేసారి శుభ్రం చేయాలంటే ఒక వంతు పెట్రోలుకి 14.7 వంతుల గాలి ఉండాలి, బరువు లెక్కన. అటూ ఇటూ పెద్దగా జరగకూడదు. మామూలు కార్బురేటర్‌తో అంత కచ్చితం కుదరదు. అందుకే జనరల్ మోటార్స్ 1981 నుంచి తన పెట్రోలు కార్లలో దాదాపు అన్నింటికీ కంప్యూటర్ కార్బురేటర్ పెట్టింది.

అందులో చిన్న సోలెనాయిడ్ ఉంటుంది, సెకనుకి పదిసార్లు టకటక కొట్టుకుంటుంది. కరెంటు అందితే పిస్టన్‌లాంటి ముక్క కిందికి దిగి పెట్రోలు దారి ఇరుకు చేస్తుంది. కరెంటు ఆగితే పైకి లేచి దారి వదులుతుంది. ఎగ్జాస్ట్ పైపులో ఉన్న ఆక్సిజన్ సెన్సార్ కాలిన పొగని రుచి చూసి చెబుతుంది, గాలి ఎక్కువైందా, పెట్రోలు ఎక్కువైందా అని. ఆ మాట విని కంప్యూటర్ సోలెనాయిడ్‌కి కరెంటు పెంచుతుంది, తగ్గిస్తుంది. అంతే అండీ.

మొదటి రోజు మా అబ్బాయితో వీడియో కాల్. ఇక్కడ పొద్దున్న ఆరున్నర అయితే అక్కడ ముందురోజు రాత్రి ఎనిమిది. బయట మంచు పడుతున్నా సరే, గ్యారేజీ పెద్ద తలుపు పూర్తిగా ఎత్తమన్నాను. తలుపు మూసి ఇంజిన్ నడిపితే కార్బన్ మోనాక్సైడ్ మనిషిని చప్పుడు లేకుండా చంపేస్తుంది. దయచేసి ఈ విషయంలో ఎవరూ బద్ధకించకండి. వాళ్ళమ్మ ఇంటి తలుపు దగ్గర నిలబడింది. వాడు టోపీ, స్వెట్టరు వేసుకుని, డ్యాష్‌బోర్డు కింద పన్నెండు పిన్నుల కనెక్టర్‌లో ఏ, బి అనే రెండింటినీ పేపర్ క్లిప్పుతో కలిపాడు. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం ఆన్ చేస్తే, ఆ చెక్ ఇంజిన్ లైటే వెలిగి ఆరుతూ నంబర్లు చెబుతుంది. ముందు ఒకసారి, కాస్త ఆగి రెండుసార్లు. అంటే 12. ఇంజిన్ తిరగడం లేదని దాని అర్థం, ఇది మామూలే. అది మూడుసార్లు చెప్పాక నాలుగు మెరుపులు, ఆగి మళ్ళీ నాలుగు. అంటే 44.

44 అంటే పొగలో గాలి ఎక్కువగా ఉందని కంప్యూటర్ ఫిర్యాదు. గ్యారేజీలోనేమో పెట్రోలు వాసన! మా వాడికి టెన్షన్ పట్టుకుంది. ‘సెన్సార్ పోయింది నాన్నా, కొత్తది ఆర్డర్ పెట్టేస్తా’ అన్నాడు. ఆగమన్నాను.

రెండో రోజు మావయ్యని కూడా డాబా మీదికి పిలిచాను. అమ్మ ఇద్దరికీ టీ ఇచ్చి, వేడివేడి పెసరట్లు పంపింది. అక్కడ మా వాడు పాత డ్వెల్ మీటర్ తీశాడు. సోలెనాయిడ్‌కి కరెంటు ఎంతసేపు అందుతోందో ముల్లుతో చూపించేది అది. కార్బురేటర్ దగ్గర ఊరికే వేలాడుతూ ఆకుపచ్చ కనెక్టర్ ఒకటి ఉంటుంది, దాన్ని మీటర్ కోసమే వదిలారు. ఇంజిన్‌కి ఎనిమిది సిలిండర్లున్నా మీటర్‌ని ఆరు సిలిండర్ల స్కేలు మీదే పెట్టాలి. స్కేలు సున్నా నుంచి అరవై. అంతా బాగుంటే ముల్లు ముప్పై దగ్గర అటూ ఇటూ ఊగుతూ ఉండాలి. ఆ ఊగడం చాలా ముఖ్యం. సెన్సార్ చెబుతోంది, కంప్యూటర్ వింటోంది అనడానికి అదే సాక్ష్యం.

ఇంజిన్ బాగా వేడెక్కాక ఫోను మీటర్ దగ్గరికి తెచ్చాడు. ముల్లు పది దగ్గర. ఊగడం లేదు. గోడకి కొట్టిన మేకులా ఉంది.

ఇక్కడే చాలామంది పొరపడతారు. ముల్లు చూపించేది మిక్చర్ ఎలా ఉందో కాదు, కంప్యూటర్ ఏం ఆజ్ఞ ఇస్తోందో. పది అంటే సోలెనాయిడ్‌కి కరెంటు చాలా తక్కువ, అంటే ‘పెట్రోలు పెంచు, ఇంకా పెంచు’ అని కంప్యూటర్ అరుస్తోంది. యాభై దాటితే ‘పెట్రోలు తగ్గించు’ అని.

మావయ్య ఫోను చెవి దగ్గర పెట్టుకుని చాలాసేపు విన్నాడు. తర్వాత ‘ఒరే మనవడా, కార్బురేటర్ మూతిలో గాలికి అడ్డం పడే చోక్ రేకు ఉంది కదా, దాన్ని నెమ్మదిగా సగం ముయ్యి. చెయ్యి మాత్రం మూతి మీద పెట్టకు, పొడుగు పుల్లతో ముయ్యి’ అన్నాడు. చెయ్యి ఎందుకు పెట్టొద్దన్నాడో ఇదిగో చూడండి. ఆయన కుడి అరచేతిలో బొటనవేలి కింద నిగనిగలాడే మచ్చ, రూపాయి బిళ్ళంత. ఎప్పుడో ఒక జీపు కార్బురేటర్ మూతికి అరచెయ్యి అడ్డం పెట్టి చూస్తుంటే బ్యాక్‌ఫైర్ అయి మంట పైకి కొట్టింది. అది ఆయన షెడ్డు రోజుల్లో అందరూ చేసే పరీక్షే. మూతి మూసి గాలి తగ్గించినప్పుడు ఇంజిన్ పుంజుకుంటే అంతకుముందు పెట్రోలు చాల్లేదని, ఇంకా ముక్కితే పెట్రోలు అప్పటికే ఎక్కువైందని.

మా వాడు చెక్క గరిటె కాడతో రేకు వంచాడు. ఇంజిన్ దగ్గింది, నల్ల పొగ వదిలింది, ఆగిపోబోయింది. ముల్లు మాత్రం పది దగ్గర కదల్లేదు.

మావయ్య టీ గ్లాసు పిట్టగోడ మీద పెట్టేశాడు. ‘అల్లుడూ, ఇంజిను పెట్రోలుతో మునిగిపోయి ఉంది. నీ కంప్యూటరేమో గాలి ఎక్కువైందంటోంది. ఇద్దరిలో ఒకరికి ఎవరో అబద్ధం చెప్తన్నారు. ఇంజిను అబద్ధం చెప్పదు’ అన్నాడు. కాసేపు ఆగి, ‘పులుసు రుచి చూడ్డానికి గరిటెతో తీసుకుంటావా, ఆ గరిటెలో ఎవడో దొంగతనంగా నీళ్ళు పోస్తన్నాడనుకో. నువ్వేం చేస్తావు? ఉప్పు చాల్లేదని కుండలో వేస్తూనే ఉంటావు. ఆ నీళ్ళు పోసేవోడు ఎవడో చూడు’ అన్నాడు.

నాకు ఒళ్ళు జలదరించిందండీ. ఈ రకం కార్బురేటర్ జన్మలో చూడని మనిషి, వినికిడితో, లెక్కతో అక్కడిదాకా వచ్చేశాడు. ఆ నీళ్ళు పోసేవాడు ఎవడో నాకు వెంటనే తట్టింది. ఆ కార్లలో బెల్టుతో తిరిగే ఎయిర్ పంపు ఉంటుంది. ఇంజిన్ చల్లగా ఉన్నంతసేపు అది సెన్సార్‌కి ముందే ఎగ్జాస్ట్‌లోకి గాలి ఊదుతుంది, మిగిలిన పెట్రోలు అక్కడే కాలిపోవాలని. వేడెక్కి కంప్యూటర్ సెన్సార్ మాట వినడం మొదలెట్టాక ఒక వాల్వు ఆ గాలిని వెనకాల కన్వర్టర్ వైపు మళ్ళించాలి. మళ్ళించకపోతే? సెన్సార్‌కి అందే పొగలో ఎప్పుడూ గాలే. అది ‘గాలి, గాలి’ అంటుంది. కంప్యూటర్ పెట్రోలు పోస్తూనే ఉంటుంది. సెన్సార్‌కి ముందు ఎగ్జాస్ట్ ప్యాకింగ్ చిరిగి గాలి లాగినా ఇదే జరుగుతుంది. కానీ అలా చిరిగితే టిక్ టిక్‌మని చప్పుడు వస్తుంది, మా బండిలో అది లేదు.

ఇంజిన్ ఆపించి, ఎగ్జాస్ట్ వైపు వెళ్ళే లావుపాటి రబ్బరు గొట్టం ఊడదీయమన్నాను. మళ్ళీ స్టార్ట్ చేసి, ఆ గొట్టం నోటి దగ్గర టిష్యూ కాగితం పట్టుకున్నాడు. వేడెక్కిన ఇంజిన్‌లో ఆ గొట్టంలోంచి గాలి రాకూడదు. కాగితం జెండాలా రెపరెపలాడింది. వాడు ‘తాతయ్యా!’ అని అరిచిన అరుపు మా పక్కింటివాళ్ళకి కూడా వినబడి ఉంటుంది.

గొట్టం ఊడదీసినంత మాత్రాన సరిపోదు. ఇంజిన్ వైపు మిగిలిన చెక్ వాల్వు, అంటే గాలిని లోపలికి మాత్రమే పోనిచ్చే వాల్వు, నోరు తెరిచి వదిలేస్తే ఎగ్జాస్ట్ లోపలి ఊపుకి అదే బయటి గాలి పీల్చుకుంటుంది. దానికి చిన్న గొట్టం ముక్క తొడిగి, ఆ ముక్కలో బోల్టు దూర్చి, క్లిప్పు బిగించాడు. కంప్యూటర్ ఫ్యూజు పది సెకన్లు తీసి పెట్టి పాత కోడ్ చెరిపేశాడు. స్టార్ట్ చేసి ఫోను మీటర్ ముందు పెట్టాడు. మేము ముగ్గురం, నేనూ మావయ్యా అమ్మా, ఊపిరి బిగబట్టి చూస్తున్నాం. ఒక నిమిషం అయింది. రెండో నిమిషంలో ముల్లు కదిలింది. పన్నెండు, పదిహేను, పద్దెనిమిది. ఇరవై దగ్గర అటూ ఇటూ ఊగడం మొదలెట్టింది. అమ్మ కొత్త కంటితో చూసి ‘ఊగుతందిరా’ అంది.

ముప్పై రావాల్సింది ఇరవై దగ్గరే ఎందుకు ఆగింది? షాపువాళ్ళు తిప్పిన స్క్రూల వల్ల. పెట్రోలు వాసన తగ్గాలని వాళ్ళు ఐడ్లింగ్ మిక్చర్ బాగా బిగించేశారు, కంప్యూటర్ దాన్ని పూడుస్తూ వస్తోంది. మావయ్యకి ఇది ఇష్టమైన పని. ఒక స్క్రూ వీసమంత, రెండోది వీసమంత, ఒకసారి ఇటు ఒకసారి అటు, మధ్యలో ఇంజిన్‌ని సర్దుకోనివ్వాలి. ‘ఊఁ, ఇంకొంచెం. ఆగు. విను’ అంటూ తొందర లేకుండా చెప్పాడు. వాడు మీటర్ చూస్తున్నాడు, ఈయన కళ్ళు మూసుకుని వింటున్నాడు. ఇద్దరూ ఒకేసారి ‘చాలు’ అన్నారు. ముల్లు ఇరవై ఎనిమిదికీ ముప్పై రెండుకీ మధ్య ఊగుతోంది.

ఆ కార్బురేటర్‌లో ఒక్క ముక్క కూడా మార్చలేదు. దాన్ని పీకేయమన్న మాట తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

పాత వాల్వు విప్పితే లోపల తుప్పు పట్టి ఒక పక్కకే అతుక్కుపోయింది. ఇదిగో ఫొటో. కొత్తది నాలుగు రోజుల్లో వచ్చింది. మొన్న రాత్రి మా వాడు బిగించాడు. ఎయిర్ పంపు గొట్టం యథాస్థానంలో పెట్టాలి, అది పొగ శుభ్రం చేసే ఏర్పాటు, తీసేసి తిరగడానికి లేదు.

ఇందాకే మళ్ళీ కాల్ చేశాడు. లైటు ఆరిపోయింది, వాసన లేదు. తాతయ్యకి ఇంజిన్ శబ్దం వినిపిస్తానన్నాడు. మావయ్య అరసవల్లి గుడికి బయలుదేరుతున్నవాడల్లా చెప్పులు విడిచి మళ్ళీ డాబా ఎక్కాడు. ఫోను చెవికి ఆనించుకుని విన్నాడు. మొహంలో నవ్వు వచ్చింది. తర్వాత ఒకటే అడిగాడు.

‘మనవడా, ఆ గొట్టం ముక్కలో దూర్చిన బోల్టు తీశావా?’

‘తీశా తాతయ్యా. నా టేబుల్ మీద పెట్టుకున్నా.’